గట్టుపై నిలిచిన పెద్దలు

పుణే ఇంజనీరింగు కళాశాల పడవల సంఘము 1928లో ఏర్పడినది. ముళా నదిపై విద్యార్థులు నేటికిని తెడ్లు వేయుచునే యున్నారు. విద్యార్థి నాలుగేండ్లకు వెడలిపోవును. నదియు పడవయు మిగులును. నేర్చినవాడు మరలివచ్చి నేర్పినగాని యీ విద్య నిలువదు.

ఎనమండుగురు నడుపు పందెపు పడవలో ఎనిమిది తెడ్లు ఒక్క లయతో నీట మునుగవలెను. తన తెడ్డులోని లోపము తనకు కానరాదు. గట్టుపైనున్న అనుభవజ్ఞునకు కానవచ్చును. పూర్వ విద్యార్థుల స్థాన మదియే. విరాళమిచ్చి, పడవపై పేరు వ్రాయించుకొని, మరల నదివైపు చూడనివారు సగము ఋణమే తీర్చినవారు. ధనము పడవను తెచ్చును గాని లయను తేజాలదు. అట్లని పిల్లల చేతి తెడ్లు తామే లాగికొనుటయు తగదు.

మనకేల ఈ పడవల ముచ్చట యందురేమో! మన తెలుగు పాఠశాలలలో చదివి పెద్దలైన సోదరులకు మా మనవియు నిదియే. రాజ్యాంగములోని 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. కాని పిల్లలు లేని తరగతిని ఏ అధికరణమును నిలుపజాలదు. వార్షికోత్సవమున పూలమాలకు గాక, వారమున కొక గంట పాఠము చెప్పుటకు రండు. మీ బిడ్డలను సయితము వెంట తెండు.