నీరో విందులో మనం ఎక్కడ కూర్చున్నాం?



పోయిన నెల చివరి శనివారం రాత్రి మన మందిరం గోడకు తెల్ల దుప్పటి కట్టి ఒక సినిమా వేశాం. యేసు ప్రభువు జీవిత చరిత్ర అనుకుని చాలామంది వచ్చారు. తీరా చూస్తే అది పత్తి రైతుల చావుల గురించిన డాక్యుమెంటరీ. సగంలో కొందరు లేచి వెళ్లిపోయారు. మరునాడు ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి, "అయ్యగారూ, మందిరంలో ఈ లోకసంబంధమైనవి ఎందుకండీ? మేం ఆదరణ కోసం వస్తాం గానీ ఏడవడానికా?" అన్నారు. వాట్సాప్ గ్రూపులోనూ రెండు రోజులు మాటలు నడిచాయి. ఆ పెద్దాయన మీద మాకు కోపం లేదు, మా మంచి కోరేవారే. అయినా ఆ మాటకు జవాబు చెప్పకుండా ఊరుకుంటే కాపరిగా మాది తప్పవుతుంది. కొంచెం కటువుగా ఉంటే ఓర్చుకోండి.

ముందుగా ఒక మాట అడగాలి. సాయంత్రం ఏడు గంటలకు మన వీధిలో నడిచి వెళ్తే ఏ ఇంట్లోంచి ఏం వినబడుతోంది? కోడలి పాలగ్లాసులో అత్త విషం కలుపుతుంటే వచ్చే మ్యూజిక్ వినబడుతోంది. ఇంట్లో నలుగురుంటే నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు, నాలుగు రకాల రీల్సు. విశ్వాసుల ఇళ్లలో కూడా ఇదే కథ. మేము కాపరి ఇంటిని మినహాయించి మాట్లాడటం లేదు. మా ఇంట్లోనూ అంతే. దాన్ని లోకసంబంధం అని ఎవరూ గ్రూపులో రాయలేదు. పక్క ఊరి రైతు భార్య తెరమీద తన సొంత కథ చెప్పుకుంటే మాత్రం అది లోకమైపోయింది. అబద్ధం చూస్తే కాలక్షేపమట, నిజం చూస్తే పాపమట! ఈ లెక్క మనకు ఎవరు నేర్పారు ప్రియులారా?

ఆ రాత్రి వేసిన సినిమా పేరు 'నీరోస్ గెస్ట్స్', అంటే నీరో అతిథులు. దీపా భాటియా గారు 2009లో తీశారు. నిడివి గంటకు కొంచెం తక్కువ. పల్లెల గురించి రాసే పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ గారి వెంట కెమెరా మహారాష్ట్రలోని విదర్భకు వెళ్తుంది. ఈయన మన తెలుగు కుటుంబం వారే, మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారి మనవడు. 2007లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. సినిమాలో ఆయన చేసేదల్లా అప్పుల పాలై ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్లకు వెళ్లి కూర్చోవడం, అడగడం, వినడం. మాకు అర్థమైనంతవరకు మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్పాం.

సాయినాథ్ గారు తన ప్రసంగాల్లో ఒక లెక్క చెబుతుంటారు. విదర్భలో రైతులు చనిపోతున్న రోజుల్లోనే ముంబైలో ఒక పెద్ద ఫ్యాషన్ షో జరిగింది. అక్కడ చూపించినవి నూలు బట్టలు. దాన్ని రాయడానికి 512 మంది విలేకరులు వెళ్లారు. ఆ నూలుకు పత్తి పండించినవారి చావుల గురించి రాయడానికి విదర్భలో ఉన్నవారు ఆరుగురు.

మరి నీరో ఎందుకు వచ్చాడు ఈ కథలోకి? ఇక్కడే క్రైస్తవులమైన మనం చెవి పెట్టి వినాలి. క్రీ.శ. 64లో రోము నగరం తగలబడింది. నీరో చక్రవర్తే తగలబెట్టించాడని జనం గుసగుసలాడారు. ఆ నింద తప్పించుకోవడానికి అతడు దాన్ని క్రైస్తవుల మీదికి నెట్టాడు. వాళ్లను పట్టి చంపించాడు. రాత్రిపూట తన తోటలో వెలుతురు కోసం మనుషులను దీపాలుగా కాల్చాడని టాసిటస్ అనే రోమా చరిత్రకారుడు రాసిపెట్టాడు. ఈ సంగతి చెప్పి సాయినాథ్ గారు అడిగే ప్రశ్న నీరో గురించి కాదు. అతడెలాంటివాడో అందరికీ తెలుసు. ఆ వెలుతురులో తిని తాగిన అతిథులు ఎవరు? పక్కన మనిషి కాలుతుంటే ముద్ద నోట్లో ఎలా పెట్టుకున్నారు? ఇదీ ఆయన ప్రశ్న.

ఆ తోటలో కాలినవాళ్లు మన విశ్వాస పితరులు. రెండు వేల ఏళ్లుగా మనం వాళ్లను హతసాక్షులని గౌరవిస్తున్నాం. ఈ రోజు ఆ విందులో మనం కాలుతున్నవారి పక్కన ఉన్నామా, కుర్చీల్లో ఉన్నామా? ఆ రాత్రి మేము నిద్రపోలేకపోయింది ఈ ప్రశ్న వల్లే.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా పల్నాడు వైపు ఒక ఊళ్లో కౌలు రైతు ఒకతను ప్రాణం తీసుకున్నాడు. మూడెకరాలు పత్తి, ఎకరం మిరప. మన కూడికకు అప్పుడప్పుడు వచ్చేవాడు. సమాధి కార్యక్రమానికి మమ్మల్ని పిలిచారు. వెళ్లాం. ఆత్మహత్య గదా అని పొడవైన ప్రార్థన చెయ్యలేదు, పాట ఎత్తలేదు, పది నిమిషాల్లో ముగించాం. "విశ్వాసంలో బలహీనపడ్డాడు" అని ఒక మాట కూడా అన్నాం. అతని భార్య మా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆ తర్వాత ఆమె ఇంటికి మళ్లీ వెళ్లలేదు. ఎంత అప్పు, ఎవరికి అప్పు, పిల్లలు బడికి పోతున్నారా, ఏదీ అడగలేదు. ఈ సినిమాలో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక విలేకరి అడిగిన ప్రశ్నలు, సొంత కాపరులమైన మేము అడగలేదు. సినిమా చూశాక ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆమె మంచినీళ్లు ఇచ్చి కూర్చోమంది. అంతకన్నా మేము రాయడం బాగుండదు.

అందుకే "ఆదరణ కోసం వస్తాం" అన్న మాట మాకు గుచ్చుకుంది. ఎవరి ఆదరణ? ఆ ఇల్లాలిని ఆదరించకుండా మనం పొందే ఆదరణ ఎలాంటిది?

ఇక అభ్యంతరాలకు వద్దాం.

"దేవుని వాక్యం చాలదా, సినిమాలెందుకు?" అన్నారు ఒక సహోదరి. వాక్యం చాలు అమ్మా. అయితే వాక్యం మనల్ని ఎక్కడికి పంపిస్తోందో చూడండి. నెహెమ్యా గ్రంథం మొదటి అధ్యాయం తీయండి. ఆయన రాజు కోటలో సుఖంగా ఉన్నాడు. ఊరి నుంచి వచ్చినవారిని పిలిచి యెరూషలేము సంగతులు అడిగాడు. వాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. విని కూర్చుని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, తర్వాత లేచి గోడ కట్టడానికి వెళ్లాడు. అడగకపోతే ఏడుపు లేదు, ఏడుపు లేకపోతే ఆ గోడే లేదు. మంచి డాక్యుమెంటరీ అంటే ఊరి నుంచి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి లాంటిది.

"ఇది రాజకీయం" అన్నారు ఇంకొకరు. లూకా సువార్త పదో అధ్యాయంలో దారిపక్క పడి ఉన్నవాడిని చూసి పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడు కూడా ఇలాంటి మాటే ఏదో చెప్పుకుని ఉంటాడు. 2022లో మన దేశంలో వ్యవసాయం మీద బతికేవారిలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వ నేర గణాంకాల సంస్థే ప్రకటించింది. అందులో 6,083 మంది కూలీలు. 1997-98లో వరంగల్ వైపు పురుగు పట్టి పత్తి పోయినప్పుడు ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో మన పెద్దవాళ్లకు గుర్తుంది. ఇంతమంది చనిపోతే వాళ్లందరికీ విశ్వాసం తక్కువని చెప్పి చేతులు దులుపుకుందామా?

రాజకీయం అంటారా, మన సంఘంలోకే వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు రావాలంటే పొలం యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు దొరకడం కష్టం, పంట పోతే పరిహారం అతని చేతికి రావడం కష్టం. అప్పుడు వడ్డీ వ్యాపారే గతి. మన బల్లల మీద కూర్చునేవారిలో పొలం కౌలుకిచ్చినవారు ఉన్నారు. సంతకం పెట్టినవారు ఎందరు? "పెడితే పొలం పోతుందేమో అయ్యగారూ" అని మాతో అన్నవారు ఉన్నారు. ఆ చట్టం ఇచ్చేది పదకొండు నెలల ఒప్పందం, అది పొలం మీద హక్కు ఇవ్వదు. శనివారం రాత్రి లేచి వెళ్లిపోయినవారిలో ఒకరిద్దరికి సినిమా నచ్చక కాదు, ఇది గుర్తొచ్చి లేచారని మా అనుమానం. తప్పయితే క్షమించండి. నిజమైతే సంతకం పెట్టండి.

"పిల్లలు భయపడతారు" అన్నది మాత్రం న్యాయమైన మాట. పిల్లలతో చూడటానికి వేరేవి ఉన్నాయి. 2023లో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చిన రాత్రి మన ఊళ్లో కూడా కుర్రాళ్లు గంతులేశారు. అదే రాత్రి, అదే వేదిక మీద ఇంకో మన దేశపు సినిమాకు ఆస్కార్ వచ్చింది. అదే కార్తికీ గొంసాల్వెస్ గారు తీసిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'. తమిళనాడులోని ముదుమలై అడవి దగ్గర బొమ్మన్, బెల్లి అనే గిరిజన దంపతులు తల్లి లేని ఏనుగు పిల్లలను సాకిన కథ. నలభై నిమిషాలే. సృష్టిని కాపాడమని ఆదాముకు అప్పగించిన పని ఏమిటో పిల్లలకు చెప్పాలంటే మా గంట ప్రసంగం కన్నా అది నయం.

పెద్దలు చూడవలసినది ఇంకొకటి 'కక్కూస్'. తమిళంలో ఆ మాటకు మరుగుదొడ్డి అని అర్థం. దివ్యభారతి గారు 2017లో తీశారు. చేతులతో మలం ఎత్తే పనివారి గురించి. 2013లోనే చట్టం ఆ పనిని నిషేధించింది. అయినా ఆ పని ఎవరితో చేయిస్తున్నారో, ఏ కులంవారితో చేయిస్తున్నారో అది చూపిస్తుంది. చూడటం చాలా కష్టం, చిన్నపిల్లలను దూరంగా ఉంచండి. చూశాక మందిరంలో వీధులూడ్చే అక్క ఏ వరసలో కూర్చుంటోందో, ఆమె పక్కన ఎవరు కూర్చుంటున్నారో ఒక్కసారి గమనించండి.

డాక్యుమెంటరీ అని పేరు పెట్టినదల్లా సత్యమని మేము చెప్పడం లేదు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టి ఒక కులాన్నో మతాన్నో తిట్టే వీడియోలు కూడా ఆ పేరుతోనే మన ఫోన్లలోకి వస్తున్నాయి. తేడా కనిపెట్టడానికి ఒక కొలబద్ద ఉంది. అది జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ ఆడవాళ్లు ఇచ్చినది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో చదువురాని దళిత స్త్రీలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వరంగల్ పత్తి రైతుల బీటీ విత్తనాల నష్టం మీద వాళ్లే సినిమా తీశారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే దానికి 'పటేల్ షాట్' అని పేరు పెట్టారు, దొర అలాగే చూస్తాడు గనుక. మనిషి కంటికి కన్ను సమానంగా పెట్టి తీస్తే 'సంఘం షాట్'. సంఘంలో అందరూ సమానమే గనుక.

ఆ పేరు చదివినప్పుడు మాకు సిగ్గేసింది. సంఘం అనే మాట మనం రోజూ వాడతాం. దాని అర్థం వాళ్లు కెమెరాతో చెప్పారు. మీరు చూసేది పేదవాడిని పైనుంచి చూస్తోందా, కళ్లలోకి చూస్తోందా? అతని మాట అతన్నే చెప్పనిస్తోందా, ఇంకెవరో అతని తరఫున అరుస్తున్నారా? ఈ రెండు ప్రశ్నలు చాలు. మా ప్రసంగాలను కూడా ఇవే ప్రశ్నలతో కొలవండి, కాదనం.

చివరగా మా మనవి. నెలకు ఒక్క సాయంత్రం ఇంటిల్లిపాదీ ఒకే తెర ముందు కూర్చోండి. ఫోన్లు బీరువా మీద పెట్టండి. టీవీ లేనివారు పక్కింటివారిని కలుపుకోండి. సాయినాథ్ గారు 2014లో మొదలుపెట్టిన 'పరి' అనే పల్లెల భాండాగారంలో చిన్న వీడియోలు ఉన్నాయి, వ్యాసాలు తెలుగులోనూ ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. చూశాక టీవీ ఆపి పది నిమిషాలు మాట్లాడుకోండి. తర్వాత ఒక్క పని చెయ్యండి. ఒక ఇంటికి వెళ్లండి, ఒక సంతకం పెట్టండి, ఒక అప్పుకు వడ్డీ వదిలేయండి. చూసి కన్నీళ్లు తుడుచుకుని పడుకుంటే మనం కూడా ఆ విందు అతిథులమే, కాకపోతే కాస్త మెత్తని మనసున్న అతిథులం.

ఇది చదివేవారిలో అప్పుల బాధతో ప్రాణం విసిగినవారు ఎవరైనా ఉంటే, దయచేసి మాకు ఒక్క ఫోన్ చెయ్యండి, ఏ రాత్రయినా సరే. మాకు చెప్పడం ఇబ్బందైతే ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416కు చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు. మీ విశ్వాసాన్ని కొలవడానికి ఇక మేము రాము. మీ పక్కన కూర్చోవడానికి వస్తాం.

వచ్చే నెల చివరి శనివారం మళ్లీ దుప్పటి కడతాం. ఆ పెద్దాయన్ను మేమే వెళ్లి పిలుస్తాం, ముందు వరసలో కుర్చీ వేస్తాం.

ప్రార్థన: ప్రభువా, చూడకుండా తల తిప్పుకున్న ప్రతిసారీ మమ్మల్ని క్షమించు. మా గుమ్మం ముందు పడి ఉన్నవారిని చూసే కళ్లు, వారి దగ్గరికి నడిచే కాళ్లు మాకు దయచెయ్యి. ఆమెన్.