‘పడదు’ అన్నవారికి బదులేమి పెట్టాలి?



‘పడదు’ అన్న క్రియ తెలుగువాడి నోట ఎన్ని పనులు చేస్తుందో ఒకసారి లెక్కపెట్టండి. అత్తకూ కోడలికీ పడదు. నాకు వంకాయ పడదు, అంటే ఇష్టం లేదు. తాతగారికి రాత్రిపూట పాలు పడవు, అంటే అరగవు. పక్కింటి పిల్లవాడికి వేరుశనగ పడదు, అంటే ఒక్క గింజ నోట్లో పడినా పెదవులు వాచి, ఊపిరాడక, ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది. అయిష్టానికీ అజీర్ణానికీ ప్రాణాపాయానికీ ఒకటే క్రియ! నానార్థాలు కావ్యానికి శోభ. వంటింటికి మాత్రం అవి చేటు. ఎందుకంటే వినేవాడు ఎప్పుడూ ఆ మూడు అర్థాలలో తనకు సులువైనదాన్నే తీసుకుంటాడు. ‘పడదండీ’ అని అతిథి చేయి అడ్డుపెడితే, ‘ఒక్కటి తింటే ఏమవుతుంది, మొహమాటపడకండి’ అని విస్తట్లో వేసేస్తాం. బలవంతం చేయడం మన మర్యాదలో ఒక అలంకారం కదా!

ఈ టపా రాయడానికి కారణం, ఈ మధ్య నేను చదివిన కొన్ని వంటల రాతలు. శీర్షికలో ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఉంటుంది. లోపలికి వెళితే ఒకచోట ‘మైదా బదులు బొంబాయి రవ్వ వాడండి’ అని ఉంది. బొంబాయి రవ్వ గోధుమ కాక మరేమిటి? మరొకచోట చోడి అట్లు చెబుతూ, ‘విరిగిపోకుండా గుప్పెడు గోధుమపిండి కలపండి’ అన్నారు. ఇంకొకచోట సేమియాతో పాయసం. పేర్లు చెప్పను. వ్యక్తులతో నాకు పేచీ లేదు, మాటతోనే పేచీ. తెలియక రాసిన మాటయినా నమ్మి వండినవారి ఇంట్లో ఒక బిడ్డ కడుపు పట్టుకుని ఏడుస్తుంది. అందుకే ఈ గొడవ.

ముందుగా విషయం తేటపరుస్తాను. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాలలో ఉండే ఒక జాతి మాంసకృత్తులను కలిపి గ్లూటెన్ అంటారు. పిండిని తడిపి పిసికితే సాగే గుణం దానిదే. సీలియాక్ అనే వ్యాధి ఉన్నవారిలో ఈ గ్లూటెన్ కడుపులోకి వెళ్ళగానే శరీరపు రక్షణ వ్యవస్థ పొరబడి తన చిన్నప్రేగు గోడనే దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, రక్తహీనత, పిల్లలైతే ఎదుగుదల లేకపోవడం. దీనికి ఈనాటికీ చికిత్స ఒక్కటే: జీవితాంతం గ్లూటెన్ లేని తిండి. ఈ సంగతి కనిపెట్టినవాడు డచ్చి దేశపు పిల్లల వైద్యుడు విలెమ్ డికే. రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో ఆ దేశం కరవుతో అల్లాడి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు తేరుకున్నారు. రొట్టె మళ్ళీ దొరకగానే మళ్ళీ జబ్బుపడ్డారు. ఆయన తన అనుమానాన్ని పరిశోధనగా మలచి 1950లో సిద్ధాంతగ్రంథం సమర్పించాడు.

గోధుమ ఎలర్జీ వేరు. అది తిన్న కొద్దిసేపటికే దద్దుర్లుగా, వాపుగా, ఉబ్బసంగా బయటపడుతుంది. ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. రెండింటికీ గోధుమ మానడమే మార్గమైనా, రెండూ ఒకటి కావు. గోధుమ ఎలర్జీ ఉన్నవారికి బార్లీ సరిపడవచ్చు, సీలియాక్ ఉన్నవారికి సరిపడదు.

‘ఇదంతా అమెరికా జబ్బు, మన తాతలకు లేదు’ అనే పెద్దలున్నారు. ఈ జబ్బు ఉత్తర భారతంలో ఎక్కువగా, దక్షిణాన చాలా తక్కువగా కనబడుతుందన్నది నిజమే. గోధుమ తినని నేలలో గోధుమ జబ్బు బయటపడకపోవడంలో వింతేముంది? ఆ తక్కువే ఇక్కడి రోగికి శాపం. ఇంట్లోవారికి తెలియదు, ఇరుగుపొరుగు నమ్మరు, బలానికని రక్తం పట్టే మందులు మింగిస్తూ ఏళ్ళు గడిపేస్తారు. తాతలకు లేదన్న మాట నిజమైనా, మనవరాలి ప్రేగుకు అది మందు కాదు.

అసలు తాతలు ఏం తిన్నారో చూద్దాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళడం నిన్నమొన్నటి మాట. మిగతా జిల్లాలవారు రాగులనేవి మాకు చోళ్ళు, వారు సజ్జలనేవి మాకు గంటెలు. కొండల్లో సామలు, కొర్రలు. పల్లంలో వరి. వీటిలో ఒక్కదానిలోనూ గ్లూటెన్ లేదు. పండగ వంటలు తీసుకోండి. అరిసెలు, పాకుండలు, చలిమిడి, ఉండ్రాళ్ళు బియ్యప్పిండివి. బూరెల తోపు బియ్యం, మినపప్పులది. గోధుమపాలతో చేసే మాడుగుల హల్వా వంటి వాటిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మరి గోధుమ ఇంత ఇంటిదైపోయింది ఎలా? 1956లో భారత ప్రభుత్వం అమెరికాతో పి.ఎల్. 480 కింద మొదటి ఒప్పందం చేసుకున్నాక ఓడలనిండా అమెరికా గోధుమ దేశంలో దిగింది. తరువాత హరితవిప్లవం. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదవాడికి అన్నం పెట్టింది, దానికి చేతులెత్తి మొక్కాలి. కానీ చోడిని పొయ్యి మీదినుంచి దించడంలో దానికీ పాలుంది. ఆపైన మధుమేహం వచ్చింది. ‘రాత్రి అన్నం మానండి, చపాతీ తినండి’ అన్న సలహా ఊరూరా పాకింది. అంటే ఇవాళ మనం ‘గోధుమకు బదులు చోడి’ అని గొప్పగా చెబుతున్నామే, ఆ వాక్యమే తలక్రిందులు. ఈ నేల మీద గోధుమే బదులు, చోడి అసలు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి ఇంద్రావతి, వేగవతి అనే చోడి రకాలు వచ్చాయి. ఇనుము వంటి పోషకాలు ఎక్కువగా ఉన్నవని 2020లో వీటిని జాతీయస్థాయిలో గుర్తించారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇన్ని సత్కారాలు జరిగినా, సీలియాక్ బిడ్డ ఉన్న తల్లి నగరంలో విదేశీ పిండి పొట్లం కోసం వందలు పోయడం నాకు ఆశ్చర్యం, కొంచెం అవమానం కూడా.

ఇక ‘బదులు’ సంగతి. తరగతిలో సంధులు చెప్పేటప్పుడు ఆగమం మిత్రుడి వంటిది, ఆదేశం శత్రువు వంటిది అని చెప్పేవాళ్ళం. ‘మాయమ్మ’లో యకారం స్నేహితుడిలా వచ్చి మధ్యన కూర్చుంది, ఎవరినీ కదపలేదు. ‘కూరగాయ’లో గకారం వచ్చి కకారాన్ని వెళ్ళగొట్టి ఆ చోట కూర్చుంది. అయితే ఆదేశంగా వచ్చినది పోయినదాని పని చేయాలి. కూరగాయ అన్నా అర్థం చెడలేదు కదా. వంటలోనూ ఇదే న్యాయం. ఒక పదార్థాన్ని తీసేముందు అది ఆ వంటలో ఏం పని చేస్తోందో తెలియాలి. ఆ పని చేయగలదాన్నే తేవాలి. సీలియాక్ వంటలో గోధుమను ఉండనిచ్చి పక్కన చోడి చేర్చడం ఆగమం. అది ఇక్కడ చెల్లదు. పూర్తిగా ఆదేశమే కావాలి.

గోధుమపిండిలో గ్లూటెన్ పని ఏమిటి? పిండి పులిసినప్పుడు పుట్టే వాయువును వలలా పట్టి ఉంచడం. చోడిపిండికి ఆ వల లేదు. అందుకే మైదా ఎంతో చోడి అంత వేసి కేకు చేస్తే ఇటుక వస్తుంది, అప్పుడు తిట్లు చోడికి! మన అమ్మమ్మలు ఈ చిక్కును ఎప్పుడో విప్పారు. ఇడ్లీ అంటే ఏమిటి? గ్లూటెన్ లేని బియ్యపు రవ్వ పులిసి పొంగి మెత్తగా నిలవడం. ఆ పొంగును పట్టి ఉంచే వల మినపపిండి జిగురు. ఇంత విద్య మన రుబ్బురోలులో ఉండగా, బదులు కోసం సముద్రాలు దాటనవసరం లేదు.

కేకు చేయదలచినవారు చోడిపిండి రెండు పాళ్ళు, బియ్యప్పిండి ఒక పాలు, సగ్గుబియ్యం పిండి ఒక పాలుతో మొదలుపెట్టండి. గిన్నెలతో కాక తూకంతో కొలవండి. చోడి నీరు నెమ్మదిగా పీల్చుకుంటుంది కనుక కలిపిన పిండిని అరగంట ఉంచండి. గుడ్డు తినేవారికి గుడ్డే వల. తిననివారు అవిసె గింజల పొడిని నీటిలో నానబెట్టి ఆ జిగురు వాడవచ్చు. రొట్టె కావాలంటే నూరు గ్రాముల పిండికి అయిదు గ్రాముల ఇసబ్గోలు పొట్టు మంచి ఆధారం. మొదటిసారే దుకాణపు రొట్టెలా రాదు. రాకపోతే చోడి రొట్టెను చోడి రొట్టెగా తినండి. ప్రతి బదులూ అసలుకు నకలుగా ఉండాలన్న పంతం దేనికి?

ఇంతకన్నా పెద్ద చిక్కు కనబడని గోధుమ. మూడేళ్ళ క్రిందట సంక్రాంతికి మా వీధిలో ఒక ఇంటికి విదేశం నుంచి మనవరాలు వచ్చింది. సీలియాక్ ఉన్న పిల్ల. ఆ నాయనమ్మ వారం ముందే గోధుమపిండి డబ్బా ఇంట్లోంచి తీసేసింది. అరిసెలు, బూరెలు, పులిహోర, అన్నీ తన చేత్తో చేసింది. పండగనాటి రాత్రే పిల్లకు వాంతులు. మర్నాడు తల్లి ఒక్కొక్క డబ్బా తిప్పి చదివితే, ఇంగువ డబ్బా మీద చీమతలంత అక్షరాలలో ‘గోధుమపిండి’ అని ఉంది. అంగట్లో దొరికే ఇంగువ చాలావరకు పిండి కలిపినదే. ఆ నాయనమ్మ ఏడ్చిన ఏడుపు నేను చూశాను. ఆమె ప్రేమలో లోపం లేదు. ఆమెకు ఈ మాట చెప్పినవారు లేరు. పొయ్యి దగ్గర పుట్టి పెరిగిన మనిషికే తెలియకపోతే, వంటలు రాసే మనం చెప్పవద్దా?

పిండి మర మరొకటి. ముందు ఎవరిదో గోధుమ ఆడించి, అదే మరలో మన చోళ్ళు పోస్తారు. చపాతీ చేసిన కర్ర, పూరీ వేయించిన నూనె, గోధుమపిండి జల్లించిన జల్లెడ, అన్నీ అంతే. ‘మాల్ట్’ అన్న మాట కూడా మోసగత్తె. ఇంట్లో చోళ్ళు మొలకెత్తించి చేసుకున్న రాగి మాల్టు క్షేమం. డబ్బాలలో వచ్చే బలం పొడులలో మాల్టంటే చాలావరకు బార్లీ. ‘రాగి’ అని పెద్దక్షరాలలో రాసిన బిస్కెట్ల పొట్లం వెనక్కి తిప్పితే, చాలావాటిలో మొదటి పదార్థం గోధుమో మైదానో.

‘చిటికెడు ఇంగువకే ఇంత రాద్ధాంతమా?’ అంటారేమో. గ్లూటెన్ లేదని రాసుకోవడానికి మన దేశంలో ఉన్న హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. అంటే యాభై కిలోల బియ్యం బస్తాలో ఒక్క గ్రాము. కొంచెమే కదా అనేవారిని ఒకటి అడుగుతాను. మీ ఆవకాయ జాడీలో తడి చేయి పెట్టనిస్తారా? ఒక్క చుక్క నీరే కదా! జాడీ చెడుతుందని అందరికీ తెలుసు, కనుక చంటిపిల్లవాడి చేయి కూడా పట్టుకుని ఆపుతారు. ఊరగాయకు ఇచ్చిన గౌరవం మనిషి ప్రేగుకు ఇవ్వలేమా?

ఒక ఎలర్జీ నుంచి తప్పించబోయి మరొక దానిలోకి తోయడం ఇంకో తప్పు. గోధుమ బదులు జీడిపప్పు పొడి, బాదం పొడి అని ధారాళంగా రాస్తున్నారు. పలాస మాకు దగ్గర, ఉద్దానం జీడిపప్పు మీద నాకూ మమకారమే. కానీ జీడిపప్పు ఎలర్జీ అతి తీవ్రమైన వాటిలో ఒకటి. అది ఉన్నవారిలో చాలామందికి పిస్తా కూడా పడదు. పాల సంగతీ ఇంతే. పాలలోని చక్కెర అరగనివారికి పెరుగు కొంత నయంగా ఉంటుంది. పాల ఎలర్జీ ఉన్నవారికి ఆ పెరుగే ప్రమాదం, వారికి కొబ్బరిపాలు నయం. చూశారా, ‘పాలు పడవు’ అన్న ఒక్క వాక్యానికి రెండు బదుళ్ళు, ఒకదానికొకటి విరుద్ధం!

రెండో పక్షంవారినీ వదలను. ‘గోధుమ విషం, చిరుధాన్యం అమృతం, అన్ని రోగాలూ పరార్’ అని ఊదరగొట్టే ప్రవచనకారులు రోగికి మేలు చేయడం లేదు. జబ్బు లేనివాడు వేడుకకు గోధుమ మాని, పెళ్ళిలో పూరీ తింటూ ‘ఒక్కసారికి పరవాలేదు’ అంటాడు. అది చూసిన నలుగురూ నిజమైన రోగిని కూడా వేషధారి అనుకుంటారు. పైగా అనుమానం రాగానే గోధుమ మానేస్తే, ఆ తరువాత చేసే రక్తపరీక్షలో, ప్రేగు పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. పరీక్ష ముందు, పథ్యం తరువాత. చోడిలో సున్నం పుష్కలం, నిజమే. కానీ అది ధాన్యమే, సంజీవని కాదు. గ్లాసులకొద్దీ అంబలి తాగితే మధుమేహికి చక్కెర పెరగక మానదు.

వంటలు రాసే మిత్రులకు నా విన్నపం, కాదు, డిమాండే. ‘గ్లూటెన్ లేదు’ అని రాస్తే ఇంగువ దాకా లెక్క చెప్పండి. ఏది తీశారో, అది ఏం పని చేసేదో, బదులు వచ్చినది ఎవరికి పడదో ఒక్కొక్క వాక్యం రాయండి. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్లు, వేరుశనగ, గింజపప్పులు, సోయా వంటివి పొట్లం మీద ప్రకటించి తీరాలి. ఆ చిన్న అక్షరాలు చదవమని ప్రతిసారీ గుర్తుచేయండి. వ్యాపారికి ఉన్న ఆ బాధ్యత మనకు లేదా? నోటి మాట, రాత మాట ఒకటి కావాలని పోరాడిన గిడుగువారు పుట్టిన జిల్లా మాది. శీర్షికలో ఒకటి, గిన్నెలో ఒకటి ఉంటే మేం ఊరుకోం.

చివరిగా, తెలుగులో ‘బదులు’కు మరో రెండు అర్థాలున్నాయి. బదులంటే జవాబు, చేబదులంటే తీర్చవలసిన అప్పు. ‘పడదు’ అన్నవారికి మనం పెట్టే బదులు వారి మాటకు జవాబు కూడా. ఆ జవాబు మనం వారికి పడ్డ బాకీ.

విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్య రాయండి, వాదానికి సిద్ధం.