మా పిల్లల్ని చూసి నవ్వింది చాలు

కాకినాడలో ఇంటర్ చదువుతున్న పెద్దాపురం కుర్రాణ్ణి ‘మీదే ఊరు బాబూ’ అని అడిగి చూడండి. వెంటనే చెప్పేవాళ్లు తక్కువ. కాస్త నసిగి, ‘సామర్లకోట దగ్గరండీ’ అంటారు. పదహారేళ్లు నిండకుండానే పుట్టిన ఊరిని దాచుకోవడం వాళ్లకు వచ్చేసింది. ఏ మేష్టారూ నేర్పని ఈ విద్యను తెలుగు సమాజం మొత్తం కలిసి నేర్పింది. ‘మొత్తం’ అని తెలిసే అంటున్నాను.

కారణం మీకూ తెలుసు, ఎప్పుడో మా ఊరికి పడ్డ వేశ్యల ఊరన్న ముద్ర. పెద్దాపురం అన్న మాట వినబడగానే మూతి పక్కకు తిప్పి నవ్వే నవ్వు ఒకటుంది. పెళ్లి పందిట్లో నవ్వుతారు, బస్సులో నవ్వుతారు, ఆఫీసులో కొత్తగా చేరినవాణ్ణి పరిచయం చేస్తూ నవ్వుతారు. సినిమా రాసేవాళ్లకు హాస్యం తట్టనప్పుడు మా ఊరి పేరు ఒక్కటి వేస్తే హాలంతా గొల్లుమంటుంది. ఆ హాల్లో మా పిల్లలూ ఉంటారని ఎవరికైనా తట్టిందా?

ఆ మధ్య మా పక్కింట్లో కూర్చుని ఉన్నాను. టీవీలో ఏదో సినిమా వస్తోంది. రెండో తరగతి చదివే పిల్ల కింద కూర్చుని చేగోడీలు తింటోంది. తెర మీద హాస్యనటుడు మా ఊరి పేరు పలికాడు. పిల్ల ఒక్క గెంతు గెంతి, ‘అమ్మా, మనూరు! మనూరి పేరు చెప్పేడు!’ అని చప్పట్లు కొట్టింది. తండ్రి రిమోట్ అందుకుని ఛానెల్ మార్చేశాడు. తల్లి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాయనమ్మ ‘నోర్మూసుకుని తిను’ అంది. చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. పిల్ల ఒక్కొక్కరి ముఖమూ చూసింది. తను చేసిన తప్పేమిటో దానికి తెలీదు. తప్పేదో తనలోనే ఉందని మాత్రం తెలిసిపోయింది.

పిల్లలకు సిగ్గు అంటుకునేది ఇలాగే. మాటకు అర్థం తెలియకముందే పెద్దవాళ్ల ముఖం అర్థమవుతుంది. చేసిన పని తప్పయితే ‘ఇంకెప్పుడూ చెయ్యను’ అని బయటపడొచ్చు. పుట్టిన చోటే తప్పయితే ఏం చేస్తారు? దిద్దుకోవడానికి వీల్లేదు కనక దాచుకుంటారు. దాచుకోవడం అలవాటైన పిల్లవాడు స్నేహితుణ్ణి ఇంటికి పిలవడు. క్లాసులో చెయ్యెత్తడు. ఎవరు నవ్వినా తననే అనుకుంటాడు. వ్యక్తిత్వ వికాసమని, స్టేజ్ ఫియర్ పోగొడతామని వేలకు వేలు ఫీజులు తీసుకునే వాళ్లు ఈ భయాన్ని తాకనైనా తాకరు. ఆ పిల్ల తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు. వాళ్ల చిన్నతనంలో వాళ్లకూ ఎవరో ఇలాగే ఛానెల్ మార్చారు. ఆ రోజు ఆ తండ్రి రిమోట్ జోలికి వెళ్లకుండా పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ‘అవునమ్మా, మనూరే. కానీ ఆయన వెటకారంగా అన్నాడు, అలా అనడం ఆయన తప్పు’ అని చెప్పి ఉంటే చాలు. తప్పు ఎవరిదో ఆ పిల్లకు స్పష్టంగా తెలిసేది.

నిప్పు లేనిదే పొగ రాదు కదా అంటారు. సరే, నిప్పు సంగతే మాట్లాడదాం. గోదావరి జిల్లాల్లో కలావంతుల కుటుంబాలు గుళ్లలోనూ జమీందార్ల కొలువుల్లోనూ ఆడిపాడాయి. వత్సవాయివారి సంస్థానం నడిచిన ఊరు మాది. రాజమండ్రి నుంచి కందుకూరి వీరేశలింగం భోగం మేళాల మీద కలం ఎత్తారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీలుగా అంకితం చెయ్యడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. మరుసటి ఏడాదే జమీందారీ ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. ఆడపిల్లను దేవుడి పేరు చెప్పి అంకితం చెయ్యడం పోవాల్సిన దురాచారమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దాన్ని మాన్పించినవాళ్లు ఆ ఆడవాళ్లు రేపేం తినాలో ఆలోచించలేదు. మేళాలు పోయాయి, పోషించే దివాణాలు పోయాయి, ముద్ర మాత్రం పోలేదు. తర్వాత వాళ్ల ఆటపాటల్నే నటరాజ రామకృష్ణ ఆంధ్రనాట్యంగా వేదికెక్కిస్తే చప్పట్లు కొట్టిన సమాజం, ఆ ఇళ్ల పిల్లల్ని మాత్రం పక్కన కూర్చోనివ్వలేదు. ఎన్నో కుటుంబాలు చదువుల్లోకీ ఉద్యోగాల్లోకీ వెళ్లి నిలదొక్కుకున్నాయి. దారి లేక ఒళ్లమ్ముకున్న ఆడవాళ్లూ ఉన్నారు. పేదరికం ఎవరిని తోసినా అక్కడికే తోసింది.

మరి డబ్బు పట్టుకుని వచ్చిన మగవాళ్లదే ఊరు? వాళ్ల ఊళ్ల పేర్లతో ఒక్క జోకైనా పుట్టలేదేం? పాపం ఒకరిది, ప్రాయశ్చిత్తం ఒకరిది అంటే ఇదే. వచ్చి పోయినవాళ్లు పెద్దమనుషులుగా బతికారు, శిక్ష మా పిల్లలకు పడింది.

మా ఊరి పెద్దలతోనూ నాకు తగువుంది. పరువు కాపాడాలని పూనుకున్నప్పుడల్లా వీళ్లది ఒకటే పాట. ‘అదంతా ఎప్పటి మాటో, ఏదో ఒక వీధి సంగతి, మనకేం సంబంధం? మాది ఏనుగు లక్ష్మణకవి ఊరు, పట్టు నేసే ఊరు, పాండవుల మెట్ట ఊరు, ఆషాఢంలో మరిడమ్మ తల్లికి జాతర చేసే ఊరు, బుచ్చి సీతాయమ్మ మహారాణి సత్రం పెట్టి అన్నం పెట్టిన ఊరు.’ ప్రతి ముక్కా నిజమే. భర్తృహరి సుభాషితాల్ని తెలుగులో నిలబెట్టిన కవి పేరు మా పిల్లలకు తెలిసి తీరాలి. కానీ గొప్పలన్నీ ఏకరువు పెట్టి, చివర్లో ఆ వీధి పిల్లల్ని ఊరి లెక్కలోంచి కొట్టేస్తున్నారే, అక్కడే నా కడుపు మండుతుంది. ఒక పిల్లవాడు ఊరి పేరు దాచుకుంటున్నాడు. ఇంకో పిల్లవాడు అమ్మ పేరే దాచుకోవాల్సి వస్తోంది. మొదటివాణ్ణి తలెత్తుకునేలా చెయ్యడానికి రెండోవాడి తల తొక్కుతామంటే నేను ఒప్పుకోను.

బడిలో ఏం జరుగుతుందో చూడండి. మొదటి రోజు వరసగా ఒక్కొక్కరినీ లేపి ‘మీ నాన్న ఏం చేస్తాడు’ అని అడుగుతారు. వంతు దగ్గరపడేకొద్దీ ఆ వీధి పిల్లవాడి అరచేతులకు చెమట పడుతుంది. ఏదో అబద్ధం చెబుతాడు, వెనక బెంచీలోంచి కిసుక్కుమని నవ్వు వినిపిస్తుంది. మేష్టారు వినీ విననట్టు పుస్తకం తెరుస్తారు. ఇంటికెళితే ‘వాళ్ల పిల్లతో నీకేం ఆటలు’ అని తల్లులు తమ పిల్లల్ని కోప్పడతారు. ఈ రెండో దెబ్బ మొదటిదానికన్నా పెద్దది. నవ్విన పిల్లను మర్చిపోవచ్చు గానీ, నిన్నటిదాకా తొక్కుడుబిళ్ల ఆడి ఇవాళ పలకరించని పిల్లను ఎలా మర్చిపోతారు?

ఇదేమీ నా సొంత గోడు కాదు, దేశపు చట్టమే నా పక్షాన ఉంది. వేశ్యల పిల్లలకు విడిగా బడులూ హాస్టళ్లూ పెట్టమని అడిగితే సుప్రీంకోర్టు 1989లో కాదంది. వాళ్లు అందరితో కలిసే పెరగాలంది. 1997లో గౌరవ్ జైన్ కేసులో, ముందే ముద్ర వెయ్యకుండా వాళ్లను జనజీవనంలో కలుపుకోవాలని చెప్పింది. 2022 మేలో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ధర్మాసనం, మనిషిగా దక్కాల్సిన మర్యాద ఈ ఆడవాళ్లకూ వాళ్ల పిల్లలకూ దక్కాల్సిందేనని, తల్లి ఆ వృత్తిలో ఉందన్న ఒక్క సాకుతో బిడ్డను విడదియ్యకూడదని ఆదేశించింది. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తంతో కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. విశాఖలో ఒక విద్యార్థి మరణం మీద వచ్చిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలంది. వెనకబడిన నేపథ్యాల పిల్లలతో వివక్ష లేకుండా మెలగడం సిబ్బందికి నేర్పాలని కూడా అంది. మా చుట్టుపక్కల స్టాఫ్ రూముల్లో ఈ తీర్పుల ఊసెత్తే మనిషి నాకింకా కనబడలేదు.

ఎవరి బాధ ప్రభుత్వానికి వినబడుతుందో కూడా చూడండి. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ‘చింతామణి’ నాటకాన్ని నిషేధించింది. వేశ్యాలోలత్వం కొంపలెలా ముంచుతుందో చూపడానికి కాళ్లకూరి నారాయణరావు రాసిన నాటకం అది. ప్రదర్శనల్లో తమ కులానికి చెందిన సుబ్బిశెట్టి పాత్రను వెకిలి చేస్తున్నారని ఆర్యవైశ్యులు బాధపడ్డారు. వాళ్ల బాధ నిజమైనదే, నిషేధాల మీద మాత్రం నాకు నమ్మకం లేదు. కానీ ఆ బాధ ప్రభుత్వం చెవికెక్కింది, ఎందుకంటే దాని వెనక సంఘాలున్నాయి, ఓట్లున్నాయి. చప్పట్లు మధ్యలో ఆపేసిన రెండో తరగతి పిల్లకు సంఘం లేదు, ఓటు లేదు.

కనక అడిగేది మనమే అడగాలి. మేష్టార్లూ, పిల్లల తండ్రులేం చేస్తారో అందరి ముందూ అడగడం రేపటి నుంచే మానండి. వివరం కావాలంటే తల్లిని విడిగా కూర్చోబెట్టి, ‘ఏవమ్మా’ అని మర్యాదగా అడగండి. క్లాసులో ఆ నవ్వు వినబడితే పాఠం ఆపండి. నవ్వినవాణ్ణి కొట్టక్కర్లేదు. ఆ నవ్వు పక్కవాడికెంత నొప్పి పెడుతుందో వాడితోనే ఆలోచింపజెయ్యండి, ఆ పూటకు లెక్కలు ఆగినా ఫర్వాలేదు. తల్లులారా, మీ పాప పుట్టినరోజుకు ఆ వీధి పిల్లనూ పిలవండి, అందరితో పాటు వరసలో కూర్చోబెట్టి కేకు పెట్టండి.

సినిమాలు రాసే మిత్రులారా, మా ఊరి పేరు వాడొద్దని నేను అనను. వాడండి. మగ్గం మీద పట్టుపంచె నేసే తాతను చూపించండి. నవోదయ ప్రవేశ పరీక్షకు తెల్లారగట్ల లేచి చదివే పిల్లను చూపించండి. ఆ వీధిలోనే పుట్టి నర్సింగ్ చదువుతున్న అమ్మాయిని, ఆమెను చదివిస్తున్న తల్లిని చూపించండి. అంతే తప్ప ఊరి పేరు పలికించి హాలు నవ్వాలని ఇంకొక్క డైలాగ్ రాస్తే, దానికి జవాబు మా పిల్లల తరఫున నేను రాస్తాను, మీ పేర్లతో సహా.