కారునకు నగలా? టైర్లకు గాలియా?

మన సీమయందు క్రొత్త కారు కొన్న కుటుంబము చేయు మొదటి కార్యము పూజ. అలిపిరి చెంతనో, కాణిపాకము గుడి ముంగిటనో బండిని నిలిపి, పసుపు కుంకుమ లలది, పూలదండ వేసి, నాలుగు చక్రముల క్రిందను నాలుగు నిమ్మకాయ లుంచి నలుపుదురు. ఈ యాచారమును మేము నిందింపబూనలేదు. ఆనాడైనను గృహస్థుడు వంగి చక్రము వంక చూచుచున్నాడు కదా యని సంతసించుచున్నాము. మా వగపెల్ల మరునాటిని గూర్చియే. నిమ్మకాయ నలిగిన పిమ్మట ఆ టైరును తలచువాడు లేడు.

మరునాడు ప్రయాణము అలంకారముల యంగడికి. పెండ్లికూతునకు నగలు పెట్టినట్లు కారునకు నగలు పెట్టుట యొక మర్యాద యైపోయినది. అప్పు తెచ్చి కొన్న బండికి మరల అప్పు తెచ్చి సొమ్ములు చేయించుచున్నారు. ఈ సొమ్ములలో కొన్ని నిరుపయోగములు మాత్రమే కావు, ప్రాణహానికరములు కూడ. ముందుభాగమున బిగించు ఇనుప కమ్ముల చట్రమును చూడుడు. అది బలమని మనవారి భ్రమ. ఢీకొన్నపుడు దెబ్బను మెల్లగా మ్రింగుటకై నిర్మింపబడిన ముందుభాగమును అది పనిచేయనీయదు. గాలిసంచులు విచ్చుకొనవలసిన క్షణమును తారుమారు చేయవచ్చును. ఎదుట నడచుచున్న పాదచారికి మృత్యుదండ మగును. ఇది మోటారు వాహనముల చట్టమునందలి 52వ విభాగమునకు విరుద్ధమని కేంద్రప్రభుత్వము 2017 డిసెంబరులోనే రాష్ట్రములకు తెలిపినది. సీట్లకు తొడుగు తోలు కవర్లు మరియొకటి. పెక్కు కార్లలో ప్రక్క గాలిసంచి సీటు అంచునందే దాగియుండును. అంగడివాడు దానిపై బిగువుగా కుట్టిన తొడుగు దానిని బంధించిపెట్టును. రక్షణకు ధనమిచ్చి, దానికి సంకెల వేయుటకు మరల ధన మిచ్చుట యెట్టి వివేకము?

ఇక వెడల్పు టైర్లు, మెరయు అల్లాయి చక్రములు. తయారీదారుడు నిర్ణయించిన కొలతను మీరి వెడల్పు టైరు తొడిగించినచో స్టీరింగు బరువెక్కును, పెట్రోలు ఖర్చు పెరుగును, మలుపులో టైరు బండి రేకునకు రాచుకొనును. చక్రము చుట్టుకొలత మారినచో వేగము చూపు ముల్లు అబద్ధమాడును. ప్రక్కగోడ పొట్టియైన టైరు మన గ్రామముల గుంతలలో పడినపుడు అంచు వంగును, లేదా టైరు ప్రక్క ఉబ్బును. అందముకొరకు చేసిన వ్యయము పంక్చరు కొట్టు కడ ముగియును. నైట్రోజను పట్టించుట యనునది మరియొక వింత. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజనే. దానివలన లాభము లేశమాత్రము. నెలనెల ఒత్తిడి చూచుకొనువానికి మామూలు గాలియే చాలును.

కారునందు ఎన్ని యంత్రములున్నను నేలను తాకునది టైరొక్కటే. ఒక్కొక్క టైరు ఒక అరచేతి యంత చోటుననే నేలను పట్టుకొనియుండును. నాలుగు అరచేతుల మీద భార్య, బిడ్డలు, వృద్ధులైన తల్లిదండ్రులు కూర్చున్నారు. బ్రేకు ఎంత గొప్పదైనను చక్రమునే ఆపగలదు. బండిని ఆపవలసినది టైరు. ఇది మైదానవాసులకంటె మనకు ముఖ్యతరము. తిరుమలకు 1944లో మొదటి ఘాటురోడ్డును, 1974లో రెండవదానిని తెరచిరి. ఆ దారిలోనేమి, మొగిలి కనుమయందేమి, భాకరాపేట కనుమయందేమి, ప్రతి మలుపునను ముందు టైర్ల వెలుపలి అంచు నేలకు ఒరసికొని అరుగును. దిగునపుడు తక్కువ గేరులో నుంచక బ్రేకు మీదనే కాలు మోపినచో బ్రేకులు కాగి పట్టు తప్పును. కార్తికమున ఈశాన్యపు వాన లెట్లుండునో 2021 నవంబరులో తిరుపతి చూచినది. నీటిని ప్రక్కలకు చిమ్మునది టైరు గాడియే. గాడి లేని గుండు టైరు తడిరోడ్డున నీటిమీద తేలిపోవును. అపుడు స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు.

క్రొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. కార్లకు చట్టము విధించిన కడపటి మేర 1.6 మిల్లీమీటర్లు. దీనిని కొలుచుటకు పండితుడు కానక్కరలేదు. గాడి అడుగున అడ్డముగా చిన్న రబ్బరు గట్లు పోసియుందురు. టైరు ముఖము వానితో సమమైన నాడు దాని ఆయువు తీరినది. వానకాలమున అంతవరకు నిరీక్షించుట కూడ అవివేకమే.

వైద్యుడు నాడిని చూచినట్లు టైరు అరుగుదలను చూచి బండి రోగమును చెప్పవచ్చును. రెండు అంచులును అరిగి నడుమ నిలిచియున్నచో గాలి చాలదు. నడుమ అరిగి అంచులు నిలిచినచో గాలి హెచ్చు. ఒక్క అంచే అరిగినచో వీల్ అలైన్‌మెంటు తప్పినది. అక్కడక్కడ గుంటలు పడినచో బ్యాలెన్సింగో, షాక్ అబ్జార్బరో చెడినది. కారణము సరిచేయక క్రొత్త టైరు వేయించువాడు చిల్లికుండలో నీరు పోయువాడు. ముందు చక్రములు లాగు బండ్లలో ముందు టైర్లు త్వరగా అరుగును గావున 8, 10 వేల కిలోమీటర్ల కొకమారు ముందువానిని వెనుకకు మార్పించవలెను. రెండే క్రొత్తవి కొన్నచో వానిని వెనుకకే వేయించవలెను. వెనుక భాగము జారినచో సామాన్యుడు బండిని నిలువరింపలేడు.

"ఇవన్నియు ధనవంతుల మాటలు" అని కొందరందురు. లెక్క చూతము. ఒత్తిడి కొలుచు చిన్న గేజీ కొన్ని వందల రూపాయలు. డిక్కీలో నుంచుకొను గాలిపంపు అలంకారపు కవర్లకంటె చవుక. ఉదయమున, బండి కదలకమునుపు, తలుపు అంచున నంటించిన పట్టికలోని అంకెకు సరిగా గాలి నింపుట నెల కొకమారు పది నిమిషముల పని. రేణిగుంట మండుటెండలో దూరము వచ్చిన టైరున ఒత్తిడి పెరుగుట సహజము. దానిని చూచి గాలి తీసివేయరాదు. స్టెప్నీకి గాలి యున్నదో లేదో చూడవలెను. ఇంకను ధన మున్నచో శిశువునకు ప్రత్యేకాసనము కొనవలెను. వెనుక సీటున కూర్చున్నవారు బెల్టు ధరించుటకు ఖర్చే లేదు. 2022 సెప్టెంబరు 4న సైరస్ మిస్త్రీ మరణించినది ఖరీదైన కారులోనే. వెనుక కూర్చున్న ఆయన బెల్టు ధరించలేదు. ఐశ్వర్యము బెల్టునకు బదులు కాజాలదు.

దోషము గృహస్థునిదే యనుట అన్యాయము. కారు నమ్మువారు తాళము చేతి కిచ్చి ఛాయాచిత్రము తీయించుటయందు చూపు శ్రద్ధ, టైరు మీది అక్షరములను చదివి చూపుటయందు చూపరు. ప్రక్కగోడపై నాలుగంకెలు టైరు పుట్టిన వారమును, సంవత్సరమును చెప్పును: 2324 అనగా 2024వ సంవత్సరపు 23వ వారము. ఈ యొక్క మాట తెలిసినచో పాత సరుకును క్రొత్తదని ఎవ్వరును అంటగట్టలేరు. పెట్రోలు బంకులలో గాలి ఉచితముగ నొసగవలసియుండగా, యంత్రము చెడినదను చీటీ యేల నిత్యము వ్రేలాడుచుండవలెను? అడుగువాడు లేకపోవుటచేతనే కదా. అలిపిరిలో సామానులు సోదాచేయు చోటనే టైర్ల గాడులను గూడ కచ్చితముగ పరికించి, గుండు టైర్ల బండిని కొండ యెక్కనీయకుండుట దేవస్థానము వారికి భారము కాదు.

1888లో డన్‌లప్ గాలిటైరునకు పేటెంటు పొందెను. 1936లో వంగదేశమున సాహాగంజియందు ఆ కంపెనీ కర్మాగారము వెలసెను. 1946లో మదరాసు తిరువొత్తియూరున ఆటబుడగలు చేయుచు ఆరంభమైన ఎం.ఆర్.ఎఫ్. తరువాత టైర్లకు పేరుగాంచెను. 2020లో మన సత్యవేడు ప్రాంతమున, చినపాండూరులో, అపోలో వారి కర్మాగారము పని ప్రారంభించెను. టైరు మన పొలిమేరలోనే తయారగుచున్నది. దానిని చదువు విద్య మాత్రము మన యిండ్లకు రాలేదు. స్వదేశి యనగా స్వదేశపు వస్తువును కొనుట మాత్రమే కాదు. దాని గుణదోషముల నెరిగి మోసపోకుండుట కూడ.

కావున పాఠకమహాశయులారా, నగల యంగడికి పోకమునుపు గేజీ కొనుడు. పఠనమందిరములవారు ఒక్క ఆదివారము ఒక మెకానిక్కును పిలిపించి టైరు చదువు నేర్పింపుడు. బంకునందు గాలి యంత్రము పనిచేయనిచో ఫిర్యాదు పుస్తక మడిగి వ్రాయుడు. క్రొత్త బండి కొన్నవారింటికి పోయినపుడు రంగును పొగడుటకు ముందు "గాలి యెప్పుడు చూచితిరి?" అని ప్రశ్నింపుడు. ఆ ప్రశ్న మర్యాదగా మారిన నాడు మన కనుమలలో కొన్ని కుటుంబములైన సురక్షితముగ నిల్లు చేరును.