వంటపుస్తకం ఉంటే చాలునా?

కామెర్లు అనగానే నేల ఉసిరి పసరు, పథ్యం గుర్తుకు వచ్చే ఇళ్ళు మనవి. వాటిలో ఒక రకం, హెపటైటిస్-బి, నీళ్ళవల్ల వచ్చేది కాదు. రక్తంద్వారా సోకుతుంది, కాన్పులో తల్లినుంచి బిడ్డకూ వస్తుంది. పసితనంలో అంటుకుంటే చాలామందిని జీవితాంతం వదలదు, లోలోపల కాలేయాన్ని తినేస్తుంది.

దీనికి ఈస్టుతో చేసిన టీకా అమెరికాలో 1986లోనే వచ్చింది. రొట్టెలు పొంగించే ఈస్టే! వైరసు పైతొడుగు తాలూకు జన్యువును అందులో పెడితే, ఆ తొడుగు మాంసకృత్తును అది తయారుచేసి పెడుతుంది. ఇదేమీ దేవరహస్యం కాదు, శాస్త్రపత్రికలలో అచ్చయిన సంగతే. కాని మన దేశంలో ఒక్క డోసు వందల రూపాయలు. మనిషికి మూడు డోసులు. ముగ్గురు పిల్లలున్న గుమాస్తా లెక్క మీరే వేసుకోండి.

వరప్రసాదరెడ్డిగారు వైద్యులు కారు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1993లో హైదరాబాదులో తల్లిగారి పేరిట శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరువాత ప్రభుత్వ సంస్థ అయిన సి.సి.ఎం.బి.లో సాగింది. 1997లో షాన్‌వాక్-బి బజారుకు వచ్చింది.

అచ్చయినది చూసి చేశారు, అందులో గొప్పేముందని ఒక మిత్రుడు నాతో అన్నాడు. వంటపుస్తకం కొన్న ప్రతివారికీ మైసూరుపాకు కుదురుతున్నదా? జన్యువు పెట్టడం ఒక ఎత్తు. ఈస్టు కణాన్ని పగలగొట్టి, కావలసిన మాంసకృత్తును మాత్రం మలినం లేకుండా వేరుచేయడం మరో ఎత్తు. వీరు మామూలు రొట్టె ఈస్టును కాక పికియా అనే మరో జాతిని వాడారు. చదివినదాన్ని చేతిలోకి తెచ్చుకోగల మనుషులు, వారికి చోటిచ్చిన ప్రయోగశాల ఊళ్ళోనే ఉండబట్టి పని జరిగింది. ఆ ప్రయోగశాల మన పన్నుల సొమ్ముతో కట్టినది. టీకా కథ చెప్పేవారు ఈ మాట ఎందుకో మింగేస్తారు!

పోటీ పెరిగిన కొద్దీ ధర దిగింది. కొన్నేళ్ళకు టోకున డోసు డాలరులోపే. 2009లో ఫ్రెంచివారి సనోఫీ ఈ కంపెనీని కొనుక్కున్నది. నాకు మనసు చివుక్కుమన్నమాట నిజం.

ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితం. మీ ఇంట పురిటికి వచ్చిన అమ్మాయి ఉంటే, బిడ్డ పుట్టిన 24 గంటలలోగా మొదటి డోసు వేశారో లేదో నర్సమ్మను అడగండి.