పార్కుకు టికెట్.. చుట్టూ కంచె! 28 రోజులా, 37 రోజులా? చికాగో నుంచి లండన్ దాకా ఇదే గొడవ

పార్కు అంటే పొద్దున్నే వాకింగ్, సాయంత్రం పిల్లల ఆటలు, ఆదివారం బెంచీ మీద పల్లీలు. మరి అదే పార్కు చుట్టూ కంచె కట్టి, టికెట్ పెట్టి, రోజుకు లక్ష మందిని లోపలికి పంపిస్తే? ఏటా జులై చివర్లోనో, ఆగస్టు మొదట్లోనో అమెరికాలోని చికాగో నగరం సరిగ్గా ఇదే చేస్తోంది. అక్కడి గ్రాంట్ పార్కులో నాలుగు రోజుల పాటు జరిగే లొల్లపలూజా మ్యూజిక్ ఫెస్టివల్‌కు మొత్తం మీద దాదాపు 4 లక్షల మంది వస్తారు. రీల్స్‌లో స్టేజీ, లైట్లు, జనసముద్రం.. సూపర్‌గా కనిపిస్తాయి. కానీ ఆ వీడియోల్లో కనిపించని లెక్కలు చాలానే ఉన్నాయి. ఎవరికి ఎంత డబ్బు? వాన పడితే జనం ఎక్కడికి పోవాలి? పాడైన గడ్డికి ఎవరు డబ్బు కట్టాలి? అన్నిటికంటే ముందు.. అసలు పార్కు ఎవరిది?

ఖాళీగానే ఉండాలని రాసిపెట్టిన స్థలం

గ్రాంట్ పార్కు కథ కాస్త సినిమాటిక్‌గా ఉంటుంది. 1836లో చికాగో ప్లాట్లు అమ్మకానికి పెట్టినప్పుడు, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఈ స్థలం ఎప్పటికీ ప్రజలదే, ఇక్కడ ఏ కట్టడమూ రాకూడదు, ఏ అడ్డూ ఉండకూడదు అని మ్యాపు మీదే రాసేశారు. ఆ మాటను నిలబెట్టింది ఒక వ్యాపారి. పేరు ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్. పోస్టులో సరుకులు పంపే కేటలాగ్ బిజినెస్‌తో (ఇవాళ్టి ఆన్‌లైన్ షాపింగ్‌కు తాత అనుకోవచ్చు) కోట్లు సంపాదించిన మనిషి. ఆయన ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఈ పార్కే. 1890 నుంచి రెండు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగి, అక్కడ భవనాలు లేవకుండా ఆపారు. అప్పట్లో ఆయన్ను తిట్టినవాళ్లే ఎక్కువ.

ఆయన అడ్డు చెప్పకుండా వదిలేసిన భవనం ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893లో స్వామి వివేకానంద సర్వమత సభలో ప్రసంగించింది అందులోనే. 2008లో ఒబామా గెలిచిన రాత్రి మాట్లాడింది కూడా ఈ గ్రాంట్ పార్కులోనే. అంటే జనం గుమిగూడటం అక్కడ కొత్తేమీ కాదు. కొత్తగా వచ్చింది కంచె, చేతికి కట్టే టికెట్ బ్యాండు.

ఒప్పందంలో ఏముంది?

లొల్లపలూజా 1991లో ఊరూరా తిరిగే షోగా మొదలైంది. 2005లో చికాగోలో స్థిరపడింది. మొదట రెండు రోజులు, తర్వాత మూడు, 2016 నుంచి నాలుగు. నడిపేది సీ3 ప్రెజెంట్స్ అనే కంపెనీ. 2014లో అందులో మెజారిటీ వాటాను లైవ్ నేషన్ కొనేసింది. 2022లో అప్పటి మేయర్ లోరీ లైట్‌ఫుట్ ఫెస్టివల్ స్టేజీ ఎక్కి మరీ పదేళ్ల కొత్త డీల్ ప్రకటించారు. దాని ప్రకారం 2032 దాకా గ్రాంట్ పార్కులోనే. రోజుకు 1,15,000 మంది వరకు అనుమతి.

సిటీకి లాభం ఏంటంటే.. టికెట్లు, స్పాన్సర్ల ఆదాయంలో పార్కుల శాఖకు వాటా వస్తుంది. ఆదాయం పెరిగే కొద్దీ వాటా శాతమూ పెరుగుతుంది. పైగా హోటళ్లు, ట్యాక్సీలు, రెస్టారెంట్లు నిండిపోతాయి. ఆ డబ్బుతో నగరంలోని మిగతా పార్కులను, పిల్లల కార్యక్రమాలను నడుపుతున్నామన్నది అధికారుల వాదన. ఇది కొట్టిపారేసే మాట కాదు. పార్కులకు గ్రాంట్లు తగ్గిపోతున్న ప్రతి నగరమూ ఇదే లెక్క వేసుకుంటోంది.

అయితే ఫెస్టివల్ నాలుగు రోజులే కానీ, పార్కు బంద్ నాలుగు రోజులు కాదు. స్టేజీలు కట్టడానికి లారీలు చాలా ముందే దిగుతాయి. పార్కు మధ్యలోని కొలంబస్ డ్రైవ్ లాంటి రోడ్లు మూసేస్తారు. అయిపోయాక విప్పడం, గడ్డి బాగుచేయడం ఇంకో పని. దీనికి తోడు 2022 నుంచి మే నెలాఖరులో సుయెన్యోస్ ఫెస్టివల్, 2023 నుంచి మూడేళ్ల పాటు జులైలో నాస్కార్ కార్ రేస్. అంటే చికాగోలో ఎండ బాగా కాసే ఆ కొద్ది నెలల్లోనే పార్కు వంతులవారీగా అద్దెకు పోతోంది. పక్కనే ఉండేవాళ్లు మండిపడటంలో వింతేముంది?

మబ్బు పడితే అసలు పరీక్ష

2011 ఆగస్టులో లొల్లపలూజా జరుగుతుండగా కుండపోత వాన. లక్షల కాళ్లు తొక్కి, మైదానం నాట్లకు దున్నిన మడిలా తయారైంది. ఆ రిపేరు ఖర్చు నిర్వాహకులే భరించారు, ఎందుకంటే ఆ షరతు ఒప్పందంలో ఉంది. లేకపోతే ఆ బిల్లు పన్ను కట్టేవాళ్ల నెత్తిన పడేదే.

సరిగ్గా అదే నెలలో పక్క రాష్ట్రం ఇండియానాలో ఘోరం జరిగింది. స్టేట్ ఫెయిర్‌లో కచేరీ కోసం జనం ఎదురుచూస్తుండగా ఈదురుగాలికి స్టేజీ పైకప్పు కూలి ఏడుగురు చనిపోయారు. తుఫాను వస్తోందని తెలుసు. జనాన్ని ఖాళీ చేయించాలన్న నిర్ణయమే సమయానికి అమలు కాలేదు.

ఏడాది తిరిగేసరికి చికాగోకు అదే పరీక్ష ఎదురైంది. 2012 ఆగస్టు 4, శనివారం మధ్యాహ్నం. తుఫాను నగరం వైపు వస్తోంది. వాన చుక్క పడకముందే షో ఆపేశారు. దాదాపు 60 వేల మందిని బయటికి పంపించారు. ఎక్కడికి? దానికి జవాబు ముందే సిద్ధం చేసి పెట్టారు. పార్కు చుట్టుపక్కల ఉన్న అండర్‌గ్రౌండ్ పార్కింగ్ గ్యారేజీలే షెల్టర్లు. స్క్రీన్ల మీద, సోషల్ మీడియాలో దారి చూపించారు. వాన వెలిశాక సాయంత్రం గేట్లు మళ్లీ తెరిచారు, ఆ రాత్రి కచేరీ ముగింపు సమయాన్ని కూడా కాస్త పొడిగించారు. 2015లోనూ ఇలాగే ఒకసారి ఖాళీ చేయించాల్సి వచ్చింది.

ఇక్కడ గమనించాల్సిన పాయింట్ ఒకటుంది. షో ఆపితే కోట్లు పోతాయి, ఫ్యాన్స్ తిడతారు. అయినా ఆపమని చెప్పే అధికారం ఎవరిదో, ఏ గాలి వేగానికి ఆపాలో ముందే రాసుకుంటేనే అప్పటికప్పుడు మైక్ కట్ చేయగలరు. మబ్బు కమ్మాక మీటింగ్ పెట్టుకుంటే ఇండియానాలాగే అవుతుంది.

గేటు దగ్గరే ప్రాణం

ఇదంతా అమెరికా ముచ్చట, మనకెందుకు అనుకోవద్దు. 2025 జనవరి 8, తిరుపతి. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన భక్తులను బైరాగిపట్టెడ దగ్గర పద్మావతి పార్కులో ఉంచారు. అది కూడా పార్కే. లోపల ఒకరికి ఒంట్లో బాగోలేదని గేటు తెరిస్తే, క్యూ వదిలారనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారని అప్పటి కథనాలు చెప్పాయి. ఆ రాత్రి తిరుపతిలో ఆరుగురు చనిపోయారు. అంతకు నెల ముందే హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో, సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది. ఆ స్టేడియంలో పట్టేది దాదాపు 35 వేల మంది, వచ్చింది రెండు మూడు లక్షలని స్వయంగా సీఎం సిద్ధరామయ్యే చెప్పారు.

చదరపు మీటరు చోటులో ఐదారుగురు ఇరుక్కుంటే ఇక మనిషి తన ఇష్టప్రకారం కదలలేడు. గుంపు నీళ్లలా అలలుగా ఊగుతుంది. వెనకున్నవాళ్లకు ముందు ఏం జరుగుతోందో తెలియదు. చాలా మరణాలు కాళ్ల కింద పడి కాదు, నిలబడి ఉండగానే ఊపిరాడక జరుగుతాయి. అందుకే పెద్ద ఫెస్టివల్స్‌లో ఎంత మంది వస్తున్నారన్న లెక్క ముందే ఉండాలి. కచేరీకి టికెట్ ఉంది కాబట్టి ఆ లెక్క దొరుకుతుంది. ఫ్రీ ఎంట్రీ, రోడ్ షో, టోకెన్ క్యూల దగ్గర ఆ లెక్కే దొరకదు. టికెట్ ఉన్నంత మాత్రాన అంతా సేఫ్ అనీ కాదు. 2021 నవంబరులో హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ కచేరీ టికెట్ షోనే, పది మంది చనిపోయారు.

డౌన్‌టౌన్‌కు ఒక న్యాయం, పేటకు ఇంకో న్యాయం?

చికాగోలోనే ఇంకో ఫెస్టివల్ ఉంది, పేరు రయట్ ఫెస్ట్. 2012 నుంచి 2014 వరకు హంబోల్ట్ పార్కులో జరిగింది. 2014లో వానకు పార్కు అధ్వానంగా మారడంతో స్థానికులు ఇక చాలన్నారు. 2015లో దాన్ని డగ్లస్ పార్కుకు మార్చారు. అక్కడుండేది ఎక్కువగా నల్లజాతీయులు, లాటినో కుటుంబాలు. పక్కనే ఆసుపత్రులు. శబ్దం, ట్రాఫిక్ వల్ల రోగులకు ఇబ్బందని మొదటి ఏడాదే ఒక ఆసుపత్రి కోర్టు మెట్లెక్కింది, తర్వాత రాజీ కుదిరింది. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకునే గ్రౌండ్ పోతోందన్నది అక్కడి తల్లిదండ్రుల గోడు. గ్రాంట్ పార్కు మూసేస్తే డౌన్‌టౌన్‌లో ఇంకో పచ్చని చోటు ఉంటుంది. డగ్లస్ పార్కు మూసేస్తే ఆ పేట పిల్లాడికి ఇంకెక్కడుంది? 2024 జూన్‌లో రయట్ ఫెస్ట్ పార్కు వదిలి ఊరి బయట స్టేడియానికి వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. ఆగస్టులో మళ్లీ యూటర్న్ తీసుకుని డగ్లస్ పార్కుకే వచ్చింది.

లండన్‌లో 28 రోజుల పేచీ

ఈ గొడవకు లండన్‌లో ఏకంగా కోర్టు తీర్పే వచ్చింది. దక్షిణ లండన్‌లోని బ్రాక్‌వెల్ పార్కు 1892లో ప్రజల కోసం తెరిచింది. ఇప్పుడక్కడ మే, జూన్ నెలల్లో వైడ్ అవేక్, ఫీల్డ్ డే, మైటీ హూప్లా లాంటి టికెట్ ఫెస్టివల్స్ వరుసగా జరుగుతాయి. ఇంగ్లాండ్ నిబంధనల ప్రకారం ఒక స్థలాన్ని ఏడాదిలో 28 రోజుల వరకు తాత్కాలికంగా వేరే పనికి వాడుకుంటే ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. లాంబెత్ కౌన్సిల్ ఈ వెసులుబాటు కిందే ఓకే చెప్పింది. కానీ స్టేజీలు కట్టే రోజులు, విప్పే రోజులు కలిపితే 37 రోజులు వస్తున్నాయి కదా అని స్థానికులు హైకోర్టుకు వెళ్లారు. నటుడు మార్క్ రైలాన్స్ కూడా వాళ్లకు మద్దతు పలికారు. 2025 మే 16న తీర్పు వచ్చింది. కౌన్సిల్ నిర్ణయం హేతుబద్ధంగా లేదని జడ్జి తేల్చేశారు.

ఫెస్టివల్స్ ఆగిపోయాయా? లేదు. వారం తిరగకుండానే కొత్త దరఖాస్తు పెట్టారు, ఈసారి 24 రోజుల లెక్కతో. మే 23న మొదటి కచేరీ యథావిధిగా మొదలైంది. గెలిచినవాళ్లు కంచె బయటే నిలబడ్డారు. అలాగని కౌన్సిల్ వైపు వాదన లేదనీ కాదు. 1974 నుంచి అదే పార్కులో ఉచితంగా జరిగే లాంబెత్ కంట్రీ షోకు ఈ టికెట్ డబ్బులే ఆసరా అని చెబుతోంది.

ఇప్పుడు పేచీ అంతా ఒక్క మాట దగ్గరుంది. పాట మోగిన రోజులే లెక్కపెట్టాలా, కంచె నిలబడ్డ రోజులన్నీ లెక్కపెట్టాలా? కంపెనీలు మొదటి లెక్క వేస్తాయి, రోజూ వాకింగ్‌కు వచ్చేవాళ్లు రెండోది వేస్తారు. లండన్ జడ్జి మాత్రం 37 వైపే మొగ్గారు. చికాగోలో ఆ లెక్క కోర్టు దాకా వెళ్లలేదు. ఒప్పందం 2032 దాకా ఉంది.