గురకకు చికిత్స చేస్తే నెలసరి గాడిన పడుతుందా?

న్యూఢిల్లీ: నిద్రలో శ్వాసకు అడ్డుపడే స్లీప్ అప్నియాను మన దేశంలో చాలాకాలంగా నడివయసు పురుషుల గురక సమస్యగానే చూస్తున్నారు. దానికి ఊపిరితిత్తుల నిపుణులో, చెవి, ముక్కు, గొంతు వైద్యులో చికిత్స చేస్తారు. నెలసరి క్రమం తప్పిన స్త్రీ మాత్రం స్త్రీవ్యాధుల నిపుణులను సంప్రదిస్తుంది. ఈ రెండు సమస్యలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండవచ్చని రెండు దశాబ్దాలకు పైగా పరిశోధనలు చెబుతున్నా, గురక గురించి స్త్రీవ్యాధుల విభాగంలో గానీ, నెలసరి గురించి నిద్ర చికిత్సా కేంద్రంలో గానీ అడగడం అరుదు. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు స్లీప్ అప్నియా చికిత్సలోకి ప్రవేశించడంతో ఈ మౌనానికి మూల్యం పెరిగింది. నిద్ర కోసం మొదలుపెట్టిన చికిత్స స్త్రీల హార్మోన్లపై, రుతుచక్రంపై, గర్భధారణపై ఎంతవరకు ప్రభావం చూపుతుంది? ఇందులో రుజువైనదేది, ఇంకా ఆశగానే మిగిలినదేది అన్నది ఇప్పుడు స్పష్టంగా వేరు చేసి చూడవలసిన విషయం.

లెక్కకు అందని స్త్రీలు

నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం పూర్తిగా గానీ, పాక్షికంగా గానీ పదేపదే మూసుకుపోవడాన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా అంటారు. శ్వాస కనీసం 10 సెకన్ల పాటు ఆగినా, బాగా తగ్గినా దానిని ఒక అంతరాయంగా లెక్కిస్తారు. ఇటువంటివి గంటకు 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్ప స్థాయి, 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థ స్థాయి, 30 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్ర స్థాయి. ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు దేశంలో జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2023లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం, భారతీయ వయోజనుల్లో సుమారు 11 శాతం మందికి ఈ సమస్య ఉంది. సంఖ్యాపరంగా ఇది 10 కోట్లకు పైమాటే. పురుషుల్లో 13 శాతంగా ఉన్న ఈ వాటా స్త్రీలలో 5 శాతంగా నమోదైంది.

స్త్రీలలో సమస్య నిజంగానే తక్కువ. అయితే నిర్ధారణ కూడా తక్కువే. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1997లో వెలువడిన అధ్యయనం, మధ్యస్థ లేదా తీవ్ర స్థాయి అప్నియా ఉన్న పురుషుల్లో 82 శాతం మందికి, స్త్రీలలో 93 శాతం మందికి తమకు ఆ జబ్బు ఉన్న సంగతే నిర్ధారణ కాలేదని అంచనా వేసింది. దీనికి లక్షణాల్లోని తేడా ఒక కారణం. పురుషుల్లో పెద్ద గురక, పగటిపూట కునికిపాట్లు ప్రధానంగా కనిపిస్తే, స్త్రీలు తరచుగా నిద్ర పట్టకపోవడం, ఉదయపు తలనొప్పి, ఎడతెగని అలసట, దిగులు వంటివాటితో వైద్యుల వద్దకు వెళతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్న దేశంలో, అలసట అనగానే ఐరన్ మాత్రలు రాయడం సహజం. ఆ మాత్రలు చాలామందికి అవసరమే. కానీ రక్తం పెరిగినా అలసట తీరనప్పుడు తర్వాతి ప్రశ్న నిద్ర గురించి రావడం లేదు.

ఈ జబ్బు ఉందేమోనని ముందుగా గుర్తించడానికి ప్రపంచవ్యాప్తంగా వాడుతున్న స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళి కూడా ఈ విషయంలో పూర్తిగా నిష్పాక్షికం కాదు. అందులోని ఎనిమిది అంశాల్లో పురుషుడు కావడం ఒకటి. వయసు 50 దాటడం, శరీర బరువు సూచిక 35 దాటడం, మెడ చుట్టుకొలత ఎక్కువగా ఉండడం మరికొన్ని. 28 ఏళ్ల స్త్రీకి వయసు, లింగం అనే రెండు అంశాల్లో మార్కులు రానే రావు. నిద్రలో శ్వాస ఆగడాన్ని మరొకరు గమనించారా అన్నది ఇంకొక ప్రశ్న. ఇంటిల్లిపాది కంటే ఆలస్యంగా పడుకుని, అందరికంటే ముందు లేచే గృహిణి శ్వాసను గమనించే వారెవరన్నది ఆ ప్రశ్నావళికి పట్టదు.

హార్మోన్లే కాపలా

స్త్రీలలో అప్నియా తక్కువగా ఉండడానికి హార్మోన్లు కూడా ఒక కారణం. నెలసరి చక్రం రెండవ సగంలో పెరిగే ప్రొజెస్టెరాన్ శ్వాసను ఉత్తేజపరుస్తుంది. నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరం చురుకుదనమూ ఆ దశలో ఎక్కువగా ఉంటుందని పరిశోధనలు చూపాయి. ఫలితంగా శ్వాసమార్గం నిద్రలోనూ తెరుచుకుని ఉండే అవకాశం పెరుగుతుంది.

ఈ కాపలా తొలగినప్పుడు ఏమవుతుందో రుతువిరతి తర్వాతి పరిస్థితి సూచిస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2001లో వెలువడిన అధ్యయనంలో, నెలసరి కొనసాగుతున్న స్త్రీలలో 0.6 శాతం మందికి లక్షణాలతో కూడిన అప్నియా ఉండగా, రుతువిరతి దాటి హార్మోన్ చికిత్స తీసుకోనివారిలో అది 2.7 శాతంగా తేలింది. హార్మోన్ చికిత్స తీసుకుంటున్నవారిలో 0.5 శాతమే. అంతమాత్రాన హార్మోన్ మాత్రలు అప్నియాకు మందు అనుకోరాదు. అటువంటి చికిత్స తీసుకునే స్త్రీలు మొదటినుంచీ ఆరోగ్యంపై ఎక్కువ శ్రద్ధ ఉన్నవారు కావచ్చు. అప్నియా కోసమే హార్మోన్లు ఇవ్వడం ఆమోదిత చికిత్స కాదు.

సంబంధం రెండో వైపు నుంచీ ఉంది. అండాశయాల్లో పురుష హార్మోన్లు పెరిగి, అండం సక్రమంగా విడుదల కాని పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో అప్నియా ఎక్కువ. బరువును లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఈ తేడా మిగులుతోంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 18 నుంచి 40 ఏళ్ల స్త్రీలపై జరిగి 2024లో వెలువడిన అధ్యయనం, దేశంలో పీసీఓఎస్ విస్తృతిని నిర్ధారణ ప్రమాణాన్ని బట్టి 7.2 శాతం నుంచి 19.6 శాతం వరకు లెక్కగట్టింది. దీనికి ఊబకాయం తోడైతే ముప్పు పెరుగుతుంది. దేశవ్యాప్తంగా 24 శాతం మంది స్త్రీలు అధిక బరువుతో ఉండగా, ఈ వాటా తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతమని కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అందువల్ల ఈ చర్చ తెలుగు రాష్ట్రాలకు దూరపు విషయం కాదు.

అప్నియా నెలసరిని ఎలా దెబ్బతీయగలదన్నదానికి శాస్త్రవేత్తలు ఒక మార్గాన్ని సూచిస్తున్నారు. రాత్రంతా ఆక్సిజన్ పడిపోతూ, నిద్ర తెగుతూ ఉంటే శరీరం ఒత్తిడి స్థితిలోకి వెళుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాన్ని సరిదిద్దేందుకు శరీరం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాలను పురుష హార్మోన్ల ఉత్పత్తికి పురికొల్పుతుంది. అండం విడుదల ఆలస్యమై నెలసరి తప్పుతుంది. ఈ గొలుసులోని ఒక్కో కొలికికీ ఆధారాలున్నాయి. అప్నియాను సరిచేస్తే గొలుసు మొత్తం వెనక్కి తిరుగుతుందా అన్నదే అసలు ప్రశ్న.

సీపాప్ ఇచ్చేదెంత

ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్, ఆయన సహచరులు 1981లో ప్రపంచానికి పరిచయం చేసిన సీపాప్ యంత్రమే నేటికీ ప్రధాన చికిత్స. మాస్కు ద్వారా నిరంతరం గాలిని పంపి శ్వాసమార్గం మూసుకుపోకుండా చూడడం దాని పని. ఇందులో హార్మోన్ ఏదీ లేదు. నెలసరిపై దాని ప్రభావం ఏదైనా ఉంటే, అది పరోక్షంగా రావలసిందే.

చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వెలువరించిన అధ్యయనం ఈ దిశలో కీలకమైనది. పీసీఓఎస్, ఊబకాయం, అప్నియా మూడూ ఉన్న యువతులు ఎనిమిది వారాలు ఇంటివద్ద సీపాప్ వాడినప్పుడు ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. ఒత్తిడి హార్మోన్ నార్ఎపినెఫ్రిన్ తగ్గింది. పగటిపూట రక్తపోటులో కింది అంకె కొంత దిగింది. యంత్రాన్ని ఎన్ని గంటలు వాడారన్నదాన్ని బట్టి, ఊబకాయం స్థాయిని బట్టి ఆ మేలు మారింది.

ఆశ కలిగించే ఫలితమే. కానీ పాల్గొన్నవారు కొద్దిమంది. వ్యవధి రెండు నెలలు. నెలసరి క్రమబద్ధమైందా, అండం విడుదలైందా అన్నది తేల్చడానికి అది చాలదు. పీసీఓఎస్‌పై 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ జాగ్రత్తనే పాటించాయి. గురక, లేవగానే బడలిక, పగటి నిద్రమత్తు వంటి లక్షణాలను గుర్తించి ఉపశమనం కల్పించేందుకు అప్నియా పరీక్షలు చేయాలని, గుండె, జీవక్రియ ముప్పు తగ్గుతుందన్న ఆశతో కాదని అవి పేర్కొన్నాయి. పీసీఓఎస్ ఉన్న స్త్రీలందరినీ ఈ లక్షణాల గురించి అడగాలని 2023 మార్గదర్శకాలు సూచించాయి.

కనుక సీపాప్‌ను నెలసరి చికిత్సగా చెప్పి అమ్మడానికి తగిన ఆధారం లేదు. అప్నియా నిర్ధారణ అయిన స్త్రీకి సీపాప్ అవసరమే. నిద్ర, పగటి చురుకుదనం, రక్తపోటు పరంగా దాని మేలు స్థిరపడినదే. కొన్ని నెలలు వాడినా నెలసరి మారలేదని యంత్రాన్ని పక్కన పెట్టడం పొరపాటు. నెలసరి కోసం హార్మోన్ మాత్రలు వాడుతున్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఆ మాత్రలు ఆపినప్పుడు వచ్చే రక్తస్రావం సహజ రుతుచక్రం కాదు. దాన్ని బట్టి సీపాప్ పనితీరును అంచనా వేయలేరు.

ఇంజెక్షన్ల సంగతి వేరు

బరువు తగ్గించే మందుల విషయంలో చిత్రం మారుతుంది. ఊబకాయంతో పాటు మధ్యస్థ లేదా తీవ్ర స్థాయి అప్నియా ఉన్న పెద్దలకు టిర్జెపటైడ్‌ను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో ఆమోదించింది. అప్నియాకు ఆమోదం పొందిన మొదటి ఔషధం ఇదే. దీనికి ఆధారమైన, 469 మందిపై ఏడాది పాటు సాగిన ప్రయోగాల్లో శ్వాస అంతరాయాలు గంటకు సగటున 25 నుంచి 29 వరకు తగ్గాయి. భారత విపణిలోకి ఈ మందు మౌంజారో పేరుతో 2025 మార్చిలో మధుమేహ, బరువు నియంత్రణ ఔషధంగా వచ్చింది.

ఈ మందు నెలసరిని రెండు దారుల్లో తాకుతుంది. మొదటిది, ఊబకాయం ఉన్న స్త్రీ బరువు తగ్గినప్పుడు ఆగిన అండోత్పత్తి తిరిగి మొదలు కావచ్చు. పిల్లలు కోరుకునేవారికి ఇది శుభవార్త. నెలసరి సరిగా రాదు కనుక గర్భం రాదులే అనుకునేవారికి ఇదే అనుకోని గర్భానికి దారి. రెండవది, ఈ మందు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. దానివల్ల నోటి ద్వారా తీసుకునే హార్మోన్ గర్భనిరోధక మాత్రలు రక్తంలోకి చేరే పరిమాణం తగ్గవచ్చు. అందుకే మందు ప్రారంభించిన తర్వాత నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు అదనంగా కండోమ్ వంటి సాధనం వాడాలని, లేదా నోటి మాత్ర కాని పద్ధతికి మారాలని మందు వాడక సూచనలు చెబుతున్నాయి. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2025 జూన్‌లో ఇదే హెచ్చరికను ప్రజలకు ప్రత్యేకంగా జారీ చేసింది. గర్భిణులు ఈ మందు వాడరాదని, గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం నెల రోజులు ఆపాలని కూడా తెలిపింది.

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా పంచే మాలా-ఎన్ కూడా నోటి ద్వారా తీసుకునే హార్మోన్ మాత్రే. కాపర్-టీకి, అంతర ఇంజెక్షన్‌కు జీర్ణాశయంతో పని లేదు కనుక వాటికి ఈ చిక్కు రాదు. ఈ నాలుగు మాటలు మందు చీటీ రాసే చోటే చెప్పగలిగినవి. కానీ గురకకో, బరువుకో మందు రాసే వైద్యుడు గర్భనిరోధం గురించి అడగకపోతే, ఆ మాత్ర ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తకు ఇంజెక్షన్ సంగతి తెలియకపోతే, మధ్యలో నష్టపోయేది స్త్రీయే.

పురుషులపై పరీక్ష, స్త్రీలకు మందు

ఈ అజ్ఞాతానికి మూలం ప్రయోగాల రూపకల్పనలోనే ఉంది. టిర్జెపటైడ్ అప్నియా ప్రయోగాల్లో పాల్గొన్నవారిలో దాదాపు 70 శాతం పురుషులు. సీపాప్‌తో గుండె జబ్బులు తగ్గుతాయా అని 2,717 మందిపై పరీక్షించి 2016లో ఫలితాలు వెల్లడించిన సేవ్ ప్రయోగంలో ప్రతి ఐదుగురిలో నలుగురు పురుషులు. ఇటువంటి ప్రయోగాలు ప్రధానంగా కొలిచేది శ్వాస అంతరాయాలను, రక్తపోటును, గుండెపోట్లను. నెలసరి తేదీ ఒక కొలతగా నమోదైతే తప్ప, చికిత్సతో అది మారిందో లేదో తేలదు.

దీనిని సరిదిద్దడానికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. పీసీఓఎస్ ఉన్న స్త్రీని, రుతువిరతికి చేరువైన స్త్రీని స్త్రీవ్యాధుల నిపుణులు మూడు ప్రశ్నలు అడగవచ్చు: గురక వస్తుందా, నిద్ర లేచాక బడలికగా ఉంటుందా, పగలు నిద్ర ముంచుకొస్తుందా. నిద్ర చికిత్సా కేంద్రంలో స్త్రీ వివరాలు రాసే కాగితంపై చివరి నెలసరి తేదీకి, వాడుతున్న గర్భనిరోధక పద్ధతికి రెండు గడులు చేర్చవచ్చు. పరిశోధన సంస్థలు ఇకపై చేపట్టే అప్నియా ప్రయోగాల్లో స్త్రీల సంఖ్యను పెంచి, రుతుచక్రాన్నీ కొలతల్లో చేర్చవచ్చు.

గురకకు చికిత్స చేస్తే నెలసరి గాడిన పడుతుందా అన్న ప్రశ్నకు నేటి సమాధానం రెండు భాగాలు. యంత్రంతో పడుతుందని చెప్పేందుకు ఆధారం చాలదు. బరువు తగ్గించే ఇంజెక్షన్‌తో పడే అవకాశం ఉంది, అయితే గర్భనిరోధం విషయంలో అప్రమత్తత తప్పనిసరి. ఈ రెంటినీ కలిపి చెప్పేవారు లేనంతకాలం, మందు మొదలుపెట్టే ముందు వైద్యుని అడగవలసిన భారం స్త్రీలపైనే ఉంటుంది.